తెరకు అస్తరు

ఆదిలక్ష్మమ్మగారు రవికను అరుగు మీద పడేసింది. ఆమె ఏ వస్తువునూ జీవరత్నానికి చేత్తో అందించదు. అరుగు మీద పడేస్తుంది, అతను తీసుకుంటాడు, పదేళ్ళుగా అదే వాడుక. కానీ ఆ సోమవారం పొద్దున పడేయడంలో కాస్త విసురు కూడా ఉంది.

"ఏందిరా ఇది? పువ్వు ఎడమ భుజాన కుట్టావేంది?"

జీవరత్నం రవిక విప్పి చూశాడు. తెల్ల మల్లు గుడ్డ మీద ఎర్రదారంతో ఐదు రేకుల పువ్వు. రెండు రాత్రుళ్ళు కళ్ళు పోగొట్టుకుని కుట్టాడు. నెల కిందట ఈ గురజాల సినిమా డేరాలోనే ఆడిన సాంఘికంలో కథానాయిక తొడుక్కున్న రవిక అది. ఆదిలక్ష్మమ్మగారి కోడలు దాని మీద మనసుపడితే, కొలతకు ఆది రవిక ఒకటి ఇచ్చి, "నువ్వూ చూశావుగా, అచ్చం అట్టాగే కుట్టు" అని ఆమే చెప్పింది.

"సినిమాలో ఎడమ భుజానే ఉందమ్మగారూ. నేను నాలుగాటలు చూశా."

"నాలుగు చూస్తే ఏం లాభం? ఎడమ భుజాన కుడితే పువ్వు పైట కిందికి పోదూ? మా కోడలు పొద్దుటి నించీ ఏడుపు మొహం పెట్టుకు కూచుంది."

"ఆమె పైట కుడి భుజం మీద గదండీ వేసుకునేది. అందుకని పువ్వు ఎడమన కనపడుద్ది."

ఆదిలక్ష్మమ్మగారు నోట్లో వక్క నమలడం ఆపింది. "కుడి భుజం మీద పైటా? ఎవత్తిరా అట్టా వేసుకునేది?"

"సినిమాల్లో అందరూ అంతే గదమ్మగారూ. అది మద్రాసు తీరు."

ఆమె ముందు తెల్లబోయింది. తర్వాత నవ్వు మొదలై, వక్క పొలమారి, స్తంభం పట్టుకుని దగ్గి, కళ్ళు తుడుచుకుంది. "ఓరి నీ తెలివి తెల్లారా! మీరు తెరకి అవతల కూచుంటారు గదరా! మీకు అంతా తిరగేసి కనపడుద్ది. పో, పో, విప్పి మళ్ళీ కుట్టు."

ఆమె మాటలో ద్వేషమేమీ లేదు. ఎండ కాస్తోందని చెప్పినట్టు చెప్పి లోపలికి పోయింది. జీవరత్నం మాత్రం రవికను మడవడం మరిచిపోయి అక్కడే కాసేపు నిలబడ్డాడు.

స్టేషను రోడ్డులో అతని కొట్టు. ఒక మిషను, మూరెడు అద్దం, ముక్కాలిపీట, అంతే. క్రైస్తవ మిషనరీల బడిలో కుట్టుపని నేర్చుకున్న నాటి నుంచి కత్తెర పట్టిన చెయ్యి ఎన్నడూ తప్పలేదని అతనికి లోలోపల గర్వం. కొట్టు తెరిచి, మల్లు ముక్క ఒకటి తీసుకుని, దాని మీద సుద్దముక్కతో కుడి భుజమూ, దాని మీద పువ్వూ గీశాడు. గుడ్డను వెలుతురుకెత్తి ఇవతల నుంచి చూశాడు. అవతల నుంచి చూశాడు. మూడోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది.

అక్షరాలు తిరగబడతాయని అతనికి తెలియక కాదు. తెర మీద పేర్లు పడేటప్పుడు వాటిని కుడి నుంచి ఎడమకు చదవడం అతనికి ఎప్పుడో అలవాటైపోయింది. ఊరవతలి తమ పేట మొత్తానికీ పైకి చదివి వినిపించేది అతనే. కానీ మనుషులు కూడా తిరగబడతారన్న ఆలోచన సినిమాలు చూస్తున్న ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ రాలేదు. రాజులందరూ ఎడమచేతి వాటం వాళ్ళే అనుకున్నాడు. దేవుడు చక్రం ఎడమచేత్తో విసిరితే, దేవుడు కదా, ఏ చేత్తోనైనా విసురుతాడు అనుకున్నాడు. రెండేళ్ళ కిందట మరదలి పెళ్ళికి "సినిమా తీరు" అని తనే దగ్గరుండి చెప్పి పెళ్ళికూతురికి కుడి భుజాన పైట వేయించాడు. పాస్టరుగారు అయోమయంగా చూశారు. పేటలో ఆడవాళ్ళు నెల రోజులు అలాగే వేసుకు తిరిగారు. అది తలుచుకునేసరికి కొట్లో ఒక్కడే ఉన్నా అతని చెవులు వేడెక్కాయి.

*

డేరా కంపెనీ ఊరొదిలే వారం అది. వానలు పడేలోపు సామాను కట్టెయ్యాలి కనుక, ఓనరు త్రికోటేశ్వరరావు ఏటా మాదిరే రోజుకో బొమ్మ మారుస్తానని టముకు వేయించాడు. రోజూ రైల్లో ఒక రీళ్ళ పెట్టె వస్తుంది, ఒక పెట్టె పోతుంది. పాతవీ కొత్తవీ, అరవమూ హిందీ ఇంగ్లీషూ, ఆఖరికి మాటలు రాని కాలం నాటి బొమ్మ కూడా. జీవరత్నం ఆ వారానికి సరిపడా పనులు ముందే ముగించుకున్నాడు. సినిమా అంటే అతనికి ఆకలి లాంటిది. పొద్దున పొలాలకు పోయే ఆడవాళ్ళు కొట్టు ముందు ఆగి "రాత్రి కథ ఏంది రత్నం?" అని అడగకపోతే అతనికి ఆ రోజు మొదలైనట్టే ఉండదు.

తెర వెనక చోటు పేటవాళ్ళది. ఎప్పుడు ఎవరు నిర్ణయించారో ఎవరికీ గుర్తులేదు. ముందర కుర్చీలు, బెంచీలు, నేల, ఆడవాళ్ళకు పక్కన పరదా. వెనక మాత్రం ముళ్ళకంచెకీ తెరకీ మధ్య ఖాళీ జాగా. పొడి తెర మీద బొమ్మ వెనక్కి సరిగా దిగదు. తడిపితే దిగుతుంది. అందుకని పేటలో వంతులు వేసుకుని, ఒక్కో రోజు ఒక్కో ఇంటివాళ్ళు కుండతో నీళ్ళు, వెదురు చిమ్మనగొట్టం తెచ్చి ఆట మొదలుకాకముందే తెర అంతా తడుపుతారు. ఆ సోమవారం వంతు పిచ్చమ్మది. డెబ్భై ఏళ్ళది, పళ్ళు లేవు, సినిమాపిచ్చి మాత్రం జీవరత్నానికి తీసిపోదు.

"అదుగో ఆ మూల ఆరింది, కొట్టు అవ్వా" అన్నాడు అతను అలవాటుగా.

పౌరాణికం మొదలైంది. దేవుడు ఎడమచేత్తో చక్రం ఎత్తాడు. చుట్టూ అందరూ చేతులు జోడించారు. జీవరత్నం ఒక్కడూ మనసులో ఆ చేతిని పట్టుకుని రెండో వైపుకి తిప్పబోయాడు. చెయ్యి తిరిగితే మొహం తిరగలేదు, మొహం తిరిగితే చక్రం తప్పిపోయింది. ఆ ఆట అతనికి తలనొప్పితో ముగిసింది.

మంగళవారం కత్తియుద్ధాల బొమ్మ. జీవరత్నం కొట్లో అద్దం ఊడదీసి, కండువాలో చుట్టి తెచ్చాడు. తెరకు వీపు పెట్టి కూచుని, అద్దం మోకాళ్ళ మీద ఆనించి అందులోకి చూశాడు.

"ఏమయ్యా, మతిపోయిందా? బొమ్మ ఇటుంటే అటు చూస్తావేంది?" అని భార్య దయామణి మోచేత్తో పొడిచింది.

అద్దంలో, అరచెయ్యంత మేర, రాకుమారుడు కుడిచేత్తో కత్తి దూశాడు. జీవరత్నం అద్దాన్ని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఎనిమిదేళ్ళుగా ఎరిగిన మనిషి అప్పుడే కొత్తగా పరిచయమైనట్టు అనిపించింది. అద్దం దయామణికి ఇచ్చాడు. ఆమె చూసి పక్కామెకిచ్చింది. పిచ్చమ్మ అద్దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "నాకేం కనపళ్ళేదురా, నా మొహమే కనపడతంది" అని తిరిగి ఇచ్చేసింది. అద్దం చేతులు మారుతూ మారుతూ ఇంకో రీలు అయ్యేసరికి, అందరూ ఎప్పటిలా తెరవైపే చూస్తున్నారు. వాళ్ళకి ఏ చేత్తో అయితేనేం, గెలిచింది రాకుమారుడే కదా. జీవరత్నానికి అలా సరిపెట్టుకోవడం చేతకాలేదు.

*

బుధవారం మధ్యాహ్నం త్రికోటేశ్వరరావు స్వయంగా కొట్టుకొచ్చాడు. వెనక జట్కాలో నల్లగుడ్డ తాన్లు రెండు. యుద్ధం రోజుల్లో బెజవాడలో దీపాల వెలుగు బయటికి కనపడకుండా కిటికీలకు కట్టిన గుడ్డ, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేక చవగ్గా అమ్మేశారు.

"రత్నం, తెరకి వెనకాల ఈ గుడ్డతో అస్తరు వెయ్యాలోయ్. నీళ్ళు కొట్టీ కొట్టీ తెర ముక్కిపోయిన వాసనొస్తంది, ముందర బొమ్మ మసగ్గా ఉందని కుర్చీలవాళ్ళు ఒకటే గొణుగుడు. ఆదివారం కొత్త సాంఘికం పెట్టె వస్తంది. దానికి తయారు కావాల. మాచర్లలో, నరసరావుపేటలో కూడా ఇదే తెర ఆడిద్ది, కుట్టు గట్టిగా ఉండాల."

జీవరత్నం గుడ్డ అంచు పట్టుకుని వెలుతురుకెత్తాడు. చుక్క వెలుగు ఇవతలికి రాలేదు.

"మరి మా పేటోళ్ళు ఎక్కడ కూచోవాలండీ?"

"ఎన్నాళ్ళుంటాం ఇంక? చూద్దాంలే" అన్నాడు ఓనరు. మంచివాడే. ఎవర్నీ తిట్టడు, ఎవరికీ ఎదురు చెప్పడు. చూద్దాంలే అన్నాడంటే ఆ సంగతి ఇక చూడడని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం మూగబొమ్మ ఆడింది. మాటలు లేవు కనక ఆపరేటరు మీరా సాహెబ్ బొమ్మ వేసే మిషను పక్కన నిలబడి కథ అరిచి చెప్పాడు. రాజు మాటా అతనే, రాణి మాటా అతనే. జీవరత్నానికి బొమ్మ కంటే తెర అంచే ఎక్కువ కనపడింది. పొడవు ఎన్ని బారలు, వెడల్పు ఎంత, కుట్టు ఎక్కడ పడాలి, అన్నీ కళ్ళు వాటంతటవే కొలుస్తున్నాయి. తన కళ్ళ మీద తనకే కోపమొచ్చింది.

గురువారం సంఘసంస్కారం సినిమా. అందులో కథానాయకుడు అంటరాని ముసలాయన్ని కౌగిలించుకుని ఇంట్లోకి తీసుకుపోయి తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆ ఘట్టంలో తెరకవతల ముక్కులు చీదుతున్న చప్పుడు జీవరత్నానికి స్పష్టంగా వినపడింది. తర్వాత చప్పట్లు, ఈలలు. ఎవరో పెద్దగా "భేష్!" అన్నారు, గొంతు ఆదిలక్ష్మమ్మగారి పెనిమిటిది లాగా ఉంది. ఇవతల పేటవాళ్ళు కూడా ఏడ్చారు. ఒకే గుడ్డకి అటూ ఇటూ కూచుని ఒకే మనిషి కోసం ఏడుస్తున్నారు. మధ్యలో తడి తెర గాలికి కాస్త కదిలింది.

"ఎంత మంచోళ్ళురా" అంది పిచ్చమ్మ కళ్ళొత్తుకుంటూ.

"ఎవరు అవ్వా?"

"ఆళ్ళే, బొమ్మలోనోళ్ళు."

శుక్రవారం దయామణి నల్లగుడ్డ చూసింది. విషయం తెలియగానే ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది.

"నువ్వు కుట్టబాకు."

"నేను కుట్టకపోతే నరసరావుపేట నించి ఇంకొకణ్ణి పిలిపిస్తాడు. ఆడికి మనం ఉన్నామనీ తెలవదు, లేమనీ తెలవదు."

"తెలిసి నువ్వు కుడితే గొప్పా? మన కళ్ళకి మనమే గంతలు కట్టుకుంటామా? అవ్వ ఈ వారం కోసం ఆర్నెల్ల నించీ రోజులు లెక్కపెట్టుకుంటంది. ఆమెకి నువ్వే చెప్పు పో."

ఆమె వెళ్ళాక చక్రం తిప్పాడు. తాన్లు రెండూ కలిపి నిలువునా కుట్టాడు, అంచు మడిచి నాడా పట్టీ వేశాడు. చెయ్యి మోసం చెయ్యనివ్వలేదు, గజం గజానికీ కుట్టు గీత గీసినట్టు పడింది. ఆ సాయంత్రం హిందీ బొమ్మలో ఎవరేమంటున్నారో తెరకి అటూ ఇటూ ఎవరికీ ఒక్క ముక్క తెలియలేదు. ఆ ఒక్కరోజూ అతనికి హాయిగా ఉంది. దయామణి మాత్రం అతని పక్కన కూచోలేదు.

*

శనివారం అస్తరు భుజాన వేసుకుని డేరాకి పోయాడు. త్రికోటేశ్వరరావు గుడ్డ చూసి, వేళ్ళతో కుట్టు లాగి చూసి, తల ఊపాడు.

"శెభాష్. ఇప్పుడే తెరకి కలిపి కుట్టెయ్."

"ముందు మా వాళ్ళ సంగతి చెప్పండి. నేల మీద ఓ పక్కన చోటిస్తే చాలు."

"ముందరా!" ఓనరు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకేం అభ్యంతరమోయ్, నేను ఊళ్ళు తిరిగేవాణ్ణి. కానీ రైతులు ఊరుకుంటారా? నా డేరా తగలబెట్టరూ? ఇంక ఒక్క ఆట. ఓర్చుకోమను."

జీవరత్నం అస్తరు మళ్ళీ భుజానికెత్తుకుని, "అట్టాగేనండీ. కానీ ట్రయలు చూడకుండా నేను గట్టి కుట్టు వెయ్యను" అన్నాడు.

"తెరకి ట్రయలేందోయ్?"

"గుడ్డ ఏదైనా ఒకటేనండీ. కొలత ఎంత పట్టినా తొడిగి చూస్తేగాని తెలవదు. రేపు పైపైన కచ్చా టాకాలు వేసి నిలబెడతా. బొమ్మ పడేటప్పుడు నేను ముందర నించి చూడాల. ముడత ఉంటే సరిచేసి, అప్పుడు గట్టి కుట్టు."

పనివాడి మాట. ఓనరు కాదనలేకపోయాడు.

ఆ సాయంత్రం ఇంగ్లీషు హాస్యం బొమ్మకు జీవరత్నం పోలేదు. పేటలో ఇంటింటికీ తిరిగి, "రేపు ఎప్పటిలాగే రండి, నీళ్ళు తెచ్చుకోండి, కాసేపు బొమ్మ కనపడకపోతే లేచి పోబాకండి" అని మాత్రం చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగినవాళ్ళకి చెప్పలేదు. తనకీ పూర్తిగా తెలిస్తే కదా.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పోయి అస్తరు ఎక్కించాడు. తెర నాలుగంచులా తెల్లదారంతో జానెడేసి టాకాలు, ఒకటే దారం, చివర ముడి లేదు. పొద్దు వాలేసరికి డేరా నిండిపోయింది. కొత్త సాంఘికం కదా, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకొచ్చారు. మీరా సాహెబ్ తన మిషను పక్కన ముక్కాలిపీట వేసి, "కూచో రత్నం భాయ్" అన్నాడు. బెంచీల మీద ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. కొలత టేపు మెడలో ఉంది, పనిమీద వచ్చాడని ఊరుకున్నారు.

దీపం ఆరింది. తెర మీద పేర్లు పడ్డాయి, ఎడమ నుంచి కుడికి. జీవరత్నం అలవాటుగా రెండో చివర నుంచి చదవబోయి, తడబడి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పలక పట్టిన కొత్తలో చదివినట్టే ఉంది. కథానాయిక వచ్చింది. ఎడమ భుజాన పైట. బుగ్గమీద పుట్టుమచ్చ అతను ఎరిగిన వైపు కాదు, రెండో వైపు ఉంది. ఎంత వెలుగు! కళ్ళలో తడి కూడా కనపడుతోంది. కుర్చీలవాళ్ళు "ఇదీ బొమ్మంటే" అనుకోవడం వినపడింది. అతనికి సంతోషంతో ఒళ్ళు ఝల్లుమంది, దాచుకోవడం దేనికి. అస్తరుకు ఎక్కడా ముడత లేదు. ఈ ఒక్క ఆటా ఇలాగే చూసేస్తే ఏం పోయింది అనిపించింది. నిజంగానే అనిపించింది.

రెండో రీల్లో హాస్యగాడు కుండ నెత్తిన పెట్టుకుని జారిపడ్డాడు. డేరా అంతా ఘొల్లుమంది.

మీరా సాహెబ్ రీలు చూసుకుంటూనే, "ఏం భాయ్, ఇయ్యాల ఎనక నవ్వు లేదే" అన్నాడు. "రోజూ ముందు నవ్వేది మీవాళ్ళే గదా. ఆ నవ్వు విని ఇటోళ్ళు నవ్వేది."

జీవరత్నం చెవి ఒగ్గాడు. తెరకవతల యాభై మంది ఉన్నారు. ఒక్క దగ్గు కూడా వినపడలేదు.

రీలు మార్చడానికి దీపం వేయగానే అతను లేచి, డేరా చుట్టూ తిరిగి వెనక్కి పోయాడు. నల్లటి గుడ్డ ముందు, గోడకు ఎదురుగా కూచున్నట్టు, పేటంతా చాపల మీద కూచుని ఉంది. పిచ్చమ్మ ఒళ్ళో చిమ్మనగొట్టం అలాగే ఉంది. "ఎవరో పాడుతున్నార్రా, ఎవరో తెలవట్లేదు" అంది. దయామణి అతని మొహంలోకి చూసింది.

అతను తెర మూల దగ్గరికి పోయి, తెల్లదారం కొస పట్టుకుని లాగాడు. టాకాలన్నీ ఒకదాని వెనక ఒకటి విడిపోయాయి. అస్తరు మొత్తం ఇసకలోకి జారింది.

"కొట్టు అవ్వా నీళ్ళు" అన్నాడు.

మూడో రీలు మొదలయ్యేసరికి తెర తడిసి బొమ్మ వెనక్కి దిగింది. ముందర మసకబారింది. "ఏమైంది? తెర కట్టండి! తెర కట్టండి!" అని కుర్చీల్లోంచి కేకలు. మంచి వెలుగు చూసిన కళ్ళు ఇంక మసకకి ఒప్పుకోవు. త్రికోటేశ్వరరావు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"కుట్టు ఊడిందా?"

"నేనే ఊడదీశానండీ. ట్రయల్లో తేడా వచ్చింది."

"ఏం తేడా? బ్రహ్మాండంగా ఉంటేనూ!"

"ముందర బాగానే ఉంది. ఎనక యాభై మందికి పొట్టిదైపోయింది."

"వేళాకోళమా రత్నం ఇది?"

"కాదండీ. మా వాళ్ళు ఎక్కడ కూచోవాలో చెప్పండి, ఈ రీలు అయ్యేలోపు గట్టి కుట్టు వేసి ఇస్తా. చెప్పకపోతే గుడ్డ తమరిది, తీసుకుపోండి. ఈ పూట కుట్టేవాణ్ణి ఎక్కణ్ణించి తెస్తారో తమ ఇష్టం."

ముందర నుంచి ఆదిలక్ష్మమ్మగారి పెనిమిటి గొంతు లేచింది. "ఏమయ్యా కోటేశ్వరరావూ, ఏం చేస్తావో చెయ్యి, ముందు ఆ తెర సంగతి చూడు!"

ఓనరు ఆ గొంతు వైపు చూశాడు, పిచ్చమ్మ చేతిలో గొట్టం వైపు చూశాడు, ఇసకలో గుడ్డ వైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు. "సరే, ఏం చేస్తావో చెయ్యమన్నది ఆయనే" అని తనకు తనే చెప్పుకుని, "రండి. తెర కిందే, ఇసకలో. సడీ చప్పుడూ లేకుండా" అన్నాడు.

ఎవరూ లేవలేదు. అందరూ జీవరత్నం వైపు చూశారు.

"పోండి" అన్నాడు అతను. "చాపలు తీసుకుని పోండి. నేను ఇది కుట్టి వస్తా."

ముందు పిచ్చమ్మ లేచింది. కుండ అక్కడే వదిలేసింది. దయామణి ఆమె చెయ్యి పట్టుకుంది. ఒకరి వెనక ఒకరు డేరా చుట్టూ తిరిగి పోయారు. అటు నుంచి కలకలం వినపడింది. ఎవరో "ఇదేం ఖర్మ" అంటూ లేచి బెంచీల వైపుకి జరిగారు, ఇంకెవరో "కూచోవయ్యా, తెరకి అడ్డం" అని కసిరారు. మీరా సాహెబ్ దీపం వేయనే లేదు. రీలు ఆపకుండా నడిపించాడు.

జీవరత్నం అస్తరు ఎత్తి, ఇసక దులిపి, తడి తెరకి పైనించి కిందికి గట్టి కుట్టు మొదలుపెట్టాడు. నల్లగుడ్డ మీద నల్లదారం, చూపుతో పని లేదు, వేళ్ళే కుడుతున్నాయి. బొమ్మ కొంచెం కొంచెంగా మూసుకుపోయింది. కాసేపటికి అతని ముందు చీకటి తప్ప ఏమీ మిగల్లేదు. పాట వస్తోంది. పాట మధ్యలో, తెరకవతల నుంచి, పళ్ళు లేని నోటితో, డేరా అంతా వినపడేలా పిచ్చమ్మ గొంతు లేచింది.

"ఒసేయ్ దయామణీ! ఈ అమ్మి పైట మనలాగే వేసుకుందే!"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని ఇంకొందరు నవ్వారు. జీవరత్నం ఆఖరి ముడి వేసి, దారం పంటితో తెంపి, సూది చొక్కాకి గుచ్చుకుని, డేరా చుట్టూ తిరిగి ముందుకు నడిచాడు.